కార్తీకంలో తోడిన నుయ్యి

మా నుయ్యి నీళ్ళు తోడే ఇంజిను అదురుకి కూలిపోనాదని ఊళ్ళో ఇప్పటికీ అంటారు. కొందరు దెయ్యం లాగీసిందంటారు. ఆళ్ళ మొగం! ఇంజిను ఓ మూల కూకుని డుబ్బు డుబ్బుమంటే రాతి నుయ్యి కూలిపోద్దేటి? కూల్చింది నీళ్ళు. నూతిలో నీళ్ళు కాదు, నూతి సుట్టూ మట్టిలో ఉన్న నీళ్ళు. నాను గట్టు మీద నిలబడి కళ్ళారా సూసేను. నా దగ్గర ఎవుడూ కబుర్లు సెప్పక్కర్లేదు.

అనకాపల్లి నుంచి మునగపాక ఎల్లే తోవలో, శారదా నదికి కూతేటు దూరంలో మా సెరుకు తోట. పక్క తోట త్రినాధరావుది, ఆడి తమ్ముడు ఎర్రినాయుడిది. రెండు తోటలకీ మధ్య గట్టు, గట్టు సివర ఉమ్మడి నుయ్యి. నా మొగుడికి ఆ అన్నదమ్ములు మేనత్త కొడుకులు. బావా బావా అనుకుంటూ ఒకే సుట్ట కాల్చుకునేవోళ్ళు. నాకు అన్న వరస, తమ్ముడి వరస. మొగుడి పేరు ఆడది పలక్కూడదంటారు. నాను పలుకుతాను. సత్తియ్య. ఇంద, మళ్ళీ పలుకుతాను. సత్తియ్య.

యుద్ధం అయిపోయిన మరుసటేడు కార్తీకంలో వాన పట్టుకున్నాది. పట్టుకుంటే వదల్లేదు. శారద ఒడ్డులు దాటీసింది, తోటల్లో మోకాటి లోతు నీళ్ళు నిలబడిపోనాయి, నుయ్యి అంచుదాకా నిండిపోనాది. వంగి సెంబుతో ముంచుకోవచ్చు. సెరుకు ఏళ్ళు కుళ్ళిపోతాయని అందరికీ బెంగే. ఆ బెంగతో ఎర్రినాయుడు ఏం సేసేడంటే, మధ్య గట్టు తెగ్గొట్టి ఆళ్ళ నీళ్ళు మా తోటలోకి వదిలీసేడు. తప్పు పనే, కాదన్ను. మావోడు పార భుజాన ఏసుకుని ఎల్లేడు. దీపాల ఏళకి తడిసి ముద్దయి తిరిగొచ్చేడు.

"ఏటయింది?" అనడిగేను.

"గట్టు పూడ్చీసేను. అడ్డొచ్చేడని నాలుగు తగిలించేను. ఊరికేసి పరిగెట్టేడు, పిరికి ఎదవ," అన్నాడు.

కంచం ముందర కూకుని సుబ్బరంగా తిన్నాడు. సేపల పులుసు ఇంకాస్త ఎయ్యమన్నాడు. ఏసేను.

పొద్దున్నే వాకిలి తలుపు ఇరగ్గొట్టీసేరు. త్రినాధరావు, ఆడి ఎనక ఊళ్ళో మగోళ్ళు. ఎర్రినాయుడు రాత్తిరి ఇంటికి రాలేదంట. నూతి గట్టు మీద ఆడి తువ్వాలు దొరికిందంట, తువ్వాలు నిండా నెత్తురంట. మావోడు మంచం దిగేలోగా సిగ పట్టుకుని ఈడ్చీసేరు. బురదలో బోర్లా పడేసి తన్నేరు. ఆ సప్పుడు నాకు ఇప్పటికీ సెవుల్లో ఉంది, తడి బట్ట బండ మీద బాదినట్టు. నాను ఊరుకుంటానేటి? రోకలి తీసుకుని ఎల్లి అందినోడికి అందినట్టు బాదేను. ఒకడి సెయ్యి ఇరిగింది. ఇరగనీ. నా మొగుడిని నా కళ్ళముందు సంపుతుంటే నాను ముగ్గులెడుతూ కూకోవాలా?

ఇద్దరు నన్ను రెక్కలిరిచి పట్టుకున్నారు. మా గుంట గంగాభవాని, నాలుగేళ్ళది, నా సీర పట్టుకుని గుక్కపట్టి ఏడుత్తన్నాది. అందర్నీ నూతి దగ్గరికి ఈడ్చుకుపోనారు.

అక్కడ పైడమ్మ కూకున్నాది. త్రినాధరావు తల్లి. నాకు వరసకి పిన్ని, నా పురుడికి నీళ్ళు పోసిన మనిషి. తువ్వాలు ఒళ్ళో ఏసుకుని నూతిలోకి సూత్తన్నాది. ఏడవడం లేదు, సూత్తన్నాదంతే. అయినా నా నోరు ఊరుకోలేదు. "పిన్నీ, మావోడు కొట్టేడు గానీ సంపలేదు. నీ కొడుకు ఏ సుట్టాలింటికో పోయి తొంగునుంటాడు, ఎతికించు!" అని అరిసేను.

"నూతిలో పడేసేడు ఈడు!" అని త్రినాధరావు మావోడి మొగమ్మీద గుద్దేడు. పన్ను ఊడి నెత్తురు గడ్డం మీదకి కారింది.

అప్పుడు మావోడు ఏం సేసేడో ఇను. బురదలోంచి లెగిసి మోకాళ్ళ మీద నడిసొచ్చి, మా గుంట నెత్తి మీద సెయ్యి ఏసేడు. ఏసి, "నాను ఎర్రినాయుడిని నూతిలో ఎయ్యలేదు. ఏసుంటే నా కూతురు నా కళ్ళముందే పోవాలి," అన్నాడు.

మా పక్క బిడ్డ నెత్తిన ఒట్టంటే ఆట కాదు. బెల్లం మార్కెట్లో లచ్చలు తినేసిన దొంగ ఎదవ కూడా బిడ్డ మీద ఒట్టెయ్యడానికి ఒణికిపోతాడు. నన్ను పట్టుకున్నోళ్ళు పట్టు సడలించేరు. పైడమ్మ తలెత్తి మావోడి మొగంలోకి సూసింది. నాకయితే ఏనుగంత బలమొచ్చింది. ఇంక నా మొగుడికేసి ఏలెత్తి సూపించినోడి ఏలు కొరికీగలను.

త్రినాధరావు ఒక్కడే తగ్గలేదు. "ఒట్టు తరవాత. ముందు నుయ్యి తోడండి. ఎలాగూ తోడకుండా ఈ నీళ్ళు ఎవుడూ తాగడు," అన్నాడు.

అదీ నిజమే. నూతిలో మనిషి పోయేడంటే, పోయేడని అనుమానమున్నా సరే, అడుగు కనిపించేదాకా తోడి పారబోస్తే గానీ ఆ నీళ్ళు గొడ్డుకి కూడా పెట్టరు మా ఊళ్ళో. పాత రోజుల్లో అది ఏతాలతోనూ, మోట లాగే ఎడ్లతోనూ అయ్యే పని. రోజుల తరబడి తోడేవోరు. ఇటు తోడుతుంటే అటు ఊరతా ఉండేది. కానీ అనకాపల్లి బజారులో హనీఫని ఒకడున్నాడు. ఆయిలు ఇంజిను బండి మీద ఏసుకుని తోటలకి అద్దెకి తిప్పుతాడు. త్రినాధరావు బండి పంపించి ఆడ్ని రప్పించేడు. ఇంజిను దింపి, గొట్టం నూతిలోకి ఒదిలి, హేండిలు గిర్రున తిప్పేడు. నల్ల పొగ కక్కుతూ పట్టుకున్నాది.

ఓలమ్మ, ఏం నీళ్ళు లాగిందమ్మా అది! గొట్టం మూతిలోంచి ఎనుబోతు పరిగెట్టినట్టు మా తోటలోకి పడిపోతున్నాయి. అసలే నిండున్న తోట, గట్టు అంచుదాకా ఎక్కీసింది. నూతిలో సూత్తే నీళ్ళు దిగిపోతున్నాయి. మా మావగారి నాయన కట్టించిన నుయ్యి అది, నా కాపురంలో అంత అడుగు ఎప్పుడూ సూడలేదు. పాకుడు పట్టిన రాళ్ళు బైటపడతన్నాయి. రాళ్ళ మధ్య సున్నం ఏనాడో కరిగిపోనాది. ఏటేటా వానలకి బైట నీళ్ళు ఆ సందుల్లోంచి లోపలికి తోసుకొచ్చేయి, ఎండలకి ఎనక్కి పోనాయి. వచ్చినప్పుడల్లా రాళ్ళ ఎనకనున్న ఇసక గుప్పెడు గుప్పెడు తెచ్చీసేయి. పైకి సూత్తే గట్టి నుయ్యి. ఎనకాల డొల్ల.

మా నాయన నూతులు కట్టే మనిషి. వానాకాలంలో నుయ్యి తోడతానని ఎవుడైనా అంటే కర్రట్టుకుని తరిమేవోడు. ఎందుకని అడిగితే, "తోడకూడదు, పో," అనేవోడు గానీ సంగతి సెప్పేవోడు కాదు. ఆ రోజు నాకు కళ్ళ ఎదర కనిపించింది. పైన రాళ్ళ సందుల్లోంచి నీళ్ళు ఉత్తినే కారతన్నాయి. కింద రాళ్ళలోంచి సిమ్ముతన్నాయి, ఆవు పొదుగు గట్టిగా పిండినట్టు. ఇంకా కిందైతే ఆ దార ఎదర గోడదాకా కొడతన్నాది, ఎర్రగా, ఇసకతో. లోతుకెల్లేకొద్దీ తోపు ఎక్కువ. తలుపుకి అటొకడు ఇటొకడు భుజం పెట్టి ఆనుకుంటే తలుపు కదలదు కదా? లోపలోడు సటుక్కున తప్పుకుంటే? అదీ సంగతి. ఇన్నాళ్ళూ నూతిలో నీళ్ళు లోపల్నుంచి రాళ్ళకి భుజం పెట్టి ఉన్నాయి. ఇంజిను ఆ భుజం తీసీసింది. బైట మట్టి మాత్రం తాగినంత తాగి, ఉబ్బి, తోత్తానే ఉన్నాది.

"ఆపండ్రా, గోడ వచ్చీసేటట్టుంది!" అని నాను అరిసేను.

"మొగుడి పాపం బైటపడతాదని అరుత్తన్నాది," అన్నాడు త్రినాధరావు. నాలుగు గొంతులు నవ్వేయి.

నీళ్ళు నడుం లోతుకి దిగేయి. ఎర్ర బురద, అడుగు కనిపించడం లేదు. ఎవరు దిగుతారని ఒకడి మొగం ఒకడు సూసుకున్నారు. అప్పుడు మావోడన్నాడు, "నానే దిగుతాను. నానే ఎతికి సూపిత్తాను." 

నా గుండె ఎంత పొంగిందో! ఇంతమంది మగోళ్ళు ఉచ్చ పోసుకుంటుంటే, తన్నులు తిని, పన్ను ఊడి, నా మొగుడు ముందుకొచ్చేడు. తప్పు సేసినోడు అలాగ దిగుతాడేటి? నడుముకి మోకు కట్టేరు. ఎల్లొద్దని సెయ్యి పట్టుకున్నాను. ఇదిలించీసి దిగిపోనాడు.

పైనుంచి సూత్తన్నాం. నడుంలోతు నీళ్ళలో కాలితో తడుముతూ గోడ ఎంబడే తిరిగేడు. తూరుపు పక్క కొంచెం సేపు నిలబడ్డాడు. సిమ్మే నీళ్ళు ఈపు మీద కొడతన్నాయి. తరవాత తలెత్తి, "లేడు! ఎవుడూ లేడు! లాగండి!" అని కేకేసేడు.

"సూసేరా!" అని నాను గంతేసేను. "సూసేరా ముండాకొడకల్లారా! ఇప్పుడు పట్టుకోండి నా మొగుడి కాళ్ళు!"

త్రినాధరావు మోకు లాగేవోళ్ళని పక్కకి తోసీసేడు. మోకు కొస తీసుకుని మోట రాయికి సుట్టి ముడేసీసేడు. సెరుకు కొట్టే కత్తి సేతిలోకి తీసుకున్నాడు. "బురద తవ్వి సూడాలి. నీళ్ళన్నీ పోవాలి. అందాకా ఆడు పైకి రాడు. ఎవుడైనా మోకు ముట్టుకున్నాడో, సెయ్యి తెగ్గొట్టీత్తాను."

అప్పుడే తూరుపు పక్క గోడలోంచి ఓ రాయి ఊడి నీళ్ళలో పడింది. రాయి పోయిన బొక్కలోంచి బురద దార బుడుంగున దూకింది. ఆ పక్క గోడంతా కడుపుతో ఉన్నదాని పొట్టలాగ లోపలికి ఉబ్బిపోనాది. హనీఫ్ ఒంగి సూసి, "యా అల్లా!" అని ఇంజిను ఆపీసేడు. త్రినాధరావు ఎనక్కి తిరిగి ఆడ్ని సెంప మీద ఈడ్చి కొట్టేడు. "పెట్టు, మళ్ళీ పెట్టు!" హనీఫ్ మూతి తుడుసుకుని, "సంపితే సంపు అన్నా, నాను పెట్టను," అని హేండిలు తోట నీళ్ళలోకి ఇసిరీసేడు.

నాను ఆ సందున మోకు మీదకి దూకేను. ముడి ఇప్పబోయేను. త్రినాధరావు నా జుట్టు పట్టుకున్నాడు. ఆడి మణికట్టు కొరికీసేను. నెత్తురు నోట్లోకొచ్చింది, ఉప్పగా. కత్తి పిడితో నా కణత మీద కొట్టేడు. కళ్ళు బైర్లు కమ్మి పడిపోనాను. కంట్లోకి నెత్తురు కారిపోయి ఓ కన్ను మూసుకుపోనాది. కింద మావోడు ఏడుత్తన్నాడు. "లాగండి బావా, గోడ పడిపోతన్నాది బావా, నీ కాళ్ళట్టుకుంటాను బావా!" అంతమంది మగోళ్ళు. ఒక్కడంటే ఒక్కడు ఆ కత్తి దగ్గరికి రాలేదు.

మోకు నా వల్ల కాదు. మరేటి సెయ్యాలి? నా ఎదర మా తోట. పొద్దుట్నుంచి ఇంజిను కక్కిన నీళ్ళూ వాన నీళ్ళూ గట్టు ఎనకాల అంచుదాకా ఉన్నాయి. తలుపుకి లోపలోడు తప్పుకున్నాడు, అందుకే కదా గోడ వచ్చీసేది? ఆ నీళ్ళనే మళ్ళీ లోపలికి తోలీయాలి. ఎవుడిదో పార అక్కడ పడుంది. తీసుకుని మోట ఏపు గట్టు మీదెక్కి, బలం కొద్దీ ఏసేను. రెండోది, మూడోది. నానిన గట్టు, ముక్కలు ముక్కలుగా లెగిసొచ్చింది. నీళ్ళు నా కాళ్ళని తోసుకుంటూ నూతి నోట్లోకి దూకేయి.

"మొగుడ్ని ముంచీసి సంపుతన్నాది రోయ్! దీనికి పిచ్చెక్కింది!" అని గోల. ఒకడు రాయెట్టి కొట్టేడు. త్రినాధరావు కత్తెత్తుకుని వచ్చేడు గానీ తెగిన గట్టు కాడ కాలవ సుడి తిరుగుతుంటే కాలు నిలదొక్కుకోలేక బోర్లా పడ్డాడు. నాను పార ఎత్తి, "రా! వచ్చేవంటే తల రెండు సేసీత్తాను!" అన్నాను. సేసీదాన్నే. ఆ రోజు నా సేతిలో పార ఉంది, నాకు ఎనకా ముందూ లేదు.

నూతిలో నీళ్ళు పొంగుకొచ్చేత్తన్నాయి. మావోడు ముందు మునిగేడు, తేలేడు, మళ్ళీ మునిగేడు. నీళ్ళతో పాటు ఆడూ పైకి లెగుత్తన్నాడు. సిమ్మే దారలు ఒక్కోటీ నీళ్ళ కింద పడి నోరు మూసుకున్నాయి. ఉబ్బిన గోడ ఇంక ఉబ్బలేదు. లోపలోడు మళ్ళీ భుజం పెట్టేడు మరి. సగానికి పైగా నిండేసరికి మావోడి సేతికి పైనున్న మెట్టు రాయి అందింది. హనీఫూ ఇంకొకడూ బోర్లా పడుకుని రెక్కలట్టుకుని లాగేరు. ఆడి కాళ్ళు గట్టు మీద పడ్డాయో లేదో, తూరుపు పక్క ఇంక ఆగలేకపోనాది. లోపల అంతటి నీళ్ళున్నా, ఎనకాల డొల్ల కదా, గోడ గోడంతా గభాలున నూతిలోకి కూకుండిపోనాది. నీళ్ళు మనిషెత్తు లెగిసి అందర్నీ తడిపీసేయి. సుట్టూ ఉన్న మట్టీ రాళ్ళూ దాని ఎనకే జారిపోనాయి.

నాను మావోడి మీద పడి ఏడ్సేను. అరిసేను, ముద్దులెట్టుకున్నాను, సీర కొంగుతో మొగం తుడిసేను. నా నెత్తురూ ఆడి నెత్తురూ కలిసిపోనాయి. "బతికేవురా, బతికేవురా నాయనా," అంటన్నాను. ఆడు నీళ్ళు కక్కుకున్నాడు. ఒణుకుతూ నా మెడ సుట్టూ సేతులేసి, నా సెవిలో నోరు పెట్టేడు.

"కొండమ్మా, ఉన్నాడే," అన్నాడు.

"ఎవుడు?"

"ఎర్రినాయుడు. తూరుపు పక్క నా కాలికి తగిలేడు. ఇంక పరవాలేదే. గోడ పడిపోనాది ఆడి మీద. ఇంక ఎవుడికీ దొరకడు."

అని నవ్వేడు. ఊడిన పంటి సందులోంచి నవ్వేడు.

నా ఒళ్ళంతా మంటలెత్తిపోనాది. ఏ సేత్తో ఆడ్ని లాక్కున్నానో ఆ సెయ్యి నరికీసుకోవాలనిపించింది. రాత్తిరి పులుసు ఏసుకుని తిన్నాడు. నా బిడ్డ నెత్తిన సెయ్యేసి, అది పోవాలన్నాడు. ఆడి కోసం నాను మనిషి సెయ్యి ఇరగ్గొట్టేను, మనిషి నెత్తురు తాగేను, పార ఎత్తేను. ఆ పిరికి ఎదవ సావుకి తెగించి దిగలేదు, ఎర్రినాయుడు దొరక్కుండా దాసడానికి దిగేడు. నా మొగుడు మంచోడని నాను ఊరంతా అరిసేను కదా దేవుడా!

మెడ మీంచి ఆడి సేతులు తీసి పడేసేను. మోకు ఇంకా నడుముకి ఉన్నాది. ఆ మోకట్టుకుని లాగేను. "ఏయ్, ఏటిది, ఏటి సేత్తన్నావే," అని గింజుకున్నాడు. ఆడికి నిలబడే సత్తువ లేదు. బురదలో గొడ్డుని ఈడ్చినట్టు ఈడ్చుకుపోయి పైడమ్మ కాళ్ళ ముందర పడేసేను.

"పిన్నీ, ఈడే. నీ కొడుకు అందులోనే ఉన్నాడు. ఈడే ఏసేడు," అన్నాను.

మావోడు నా మొగంలోకి సూసేడు, లబలబలాడుతూ. "సెప్పు," అని నోటి మీద తన్నేను. "సెప్పు, నా గుంట మీద పెట్టిన ఒట్టు ఎనక్కి తీసుకో!"

"పారతో కొట్టేను. పడిపోనాడు. ఊపిరుందో లేదో సూడలేదు," అన్నాడు.

త్రినాధరావు ఆడి మీదకి దూకేడు. ఆడి ఎనకాల అందరూ దూకేరు. పైడమ్మ మాత్రం ఆడికేసి సూడనే లేదు. లెగిసింది. నా దగ్గరికొచ్చి నెమ్మదిగా అడిగింది.

"ఏ పక్కనున్నాడంట అమ్మా, నా బాబు?"

తూరుపు పక్కకి సెయ్యి సూపించేను. ఆవిడ తువ్వాలు నడుముకి బిగించుకున్నాది. "ఊపిరుందో లేదో సూడలేదన్నాడు కదా," అని, పొలం పనికి ఎల్లినట్టే ఆ పక్కకి నడిసి, కూలిన అంచు మీద కాలెట్టి దిగబోయింది.

పరిగెట్టుకెల్లి నడుం పట్టుకున్నాను. కొట్టింది, రక్కింది, నా పెదవి సిట్లగొట్టింది. "వదలవే, నా కొడుకు నీళ్ళల్లో ఉన్నాడే, వదలవే," అని అరుత్తన్నాది. వదల్లేదు. ఇద్దరం ఆ బురదలో దొర్లేం. మా కాళ్ళ కిందనించి మట్టి ముక్కలు జారి నీళ్ళలో పడతన్నాయి. ఎనకాల కర్రల సప్పుడు. మావోడు నన్నే పిలుత్తన్నాడు, కొండమ్మా, కొండమ్మా అని.

నాను పైడమ్మనే పట్టుకుని ఉన్నాను. తిరిగి సూడలేదు.